తరుగు

ఎనుమాముల మార్కెట్ల కాంటా కాడ
పన్నెండేండ్లసంది నిలవడ్డోణ్ణి.
బస్తా భుజానికెత్తంగనే చెప్తా,
నలభై రెండా, నలభై మూడున్నరా అని.
పావుకిలో అటో ఇటో అయితే
తరుగు కింద కొట్టేస్తరు,
ఎవలూ లెక్కవెట్టరు.

హన్మకొండ దవాఖానల
చిన్న కాంటా మీద నా బిడ్డను వెట్టి
ఏడువందల ఎనభై, అన్నది సిస్టరు.
నేను ఎదురుచూసిన,
ముంగట ఏదన్న కిలో చెప్తదేమోనని.
గంతే. గ్రాములే.

ఇరవై ఆరు వారాలంటే ఎన్ని నెలలురా, అని అడిగింది అవ్వ.
ఆరు, అన్న.
కొంగు నోట్ల కుక్కుకున్నది.
మా అన్న ఏడో నెలల పుట్టిండట,
దూదిల చుట్టి గంపల వండవెట్టి
కుంపటి పక్కన వెట్టిన్రట.
మూడోనాటికి గంప తేలికైందట.
అవ్వ ఎప్పుడు గట్లనే చెప్తది.
సచ్చిపోయిండని అనదు.

ఊపిరితిత్తులల్ల బుడగలు అతుక్కుంటయట,
అతుక్కోకుంట గొట్టంల మందు పోసిన్రు.
డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పిండు,
ద్రాక్షగుత్తి లెక్క ఉన్నది.
సీసల నీళ్లు బుడబుడమంటనే ఉన్నయి.
ఆ సప్పుడు ఆగితేనే భయం, అన్నది ఎస్తేరు సిస్టరు.
అప్పటిసంది నా చెవులు ఆ సీస కాడనే ఉన్నయి.

ఒక్కొక్కపాలి పిల్ల ఊపిరి తీసుడు మరిచిపోతది.
మిషను మొత్తుకుంటది.
ఎస్తేరు సిస్టరు ఉరకదు.
పోయి అరికాలు మీద ఏలితోని టక్కుమని గీటుతది,
బడిల కునుకు తీసే పిల్లను లేపినట్టు.
పిల్లకు యాదికొస్తది.

మమత మూడు గంటలకోపాలి పాలు పిండుతది.
మొదటినాడు గిన్నె అడుగు తడిసింది, అంతే.
అది సుత పారబొయ్యనియ్యలె.
సూదిల గుంజి, ముక్కుల గొట్టానికి తలిగిచ్చి
చెయ్యెత్తి పట్టుకున్నరు,
పాలు వాటంతట అవే దిగాలెనట.
అంత నిమ్మళంగ తినుడు
నా జిందగిల నేనెన్నడు చూడలె.

పద్దెనిమిదోనాడు నన్ను పిలిచి అంగీ ఇప్పుమన్నరు.
మిర్చి సీజన్ల మనిషిని.
మోచేతుల దాక మూడుసార్లు సబ్బు వెట్టినా
గోళ్ల సందుల ఘాటు పోలె.
నేనొద్దు సిస్టరు, పిల్ల తుమ్మిందంటే ఆగదు, అన్న.
రెండ్రోజులు మార్కెట్ మొకం చూడకు,
మంచిగ తానం చేసి రా, అన్నది.
రెండ్రోజుల కూలి పోయింది.

వచ్చిన. ఎదురొమ్ము మీద వండవెట్టిన్రు,
నా గదుమ కింద దాని టోపి.
బరువు తెల్వలె.
ఇన్నేండ్ల భుజానికి బరువు తెల్వలె.
వేడి తెల్సింది.
గోరంతన్న లేని ఏళ్లు
నా రొమ్ము వెంట్రుకలు పట్టుకున్నయి.
మిషను మీద ఎనభై ఎనిమిదున్న అంకె
తొంభై నాలుగైంది.
నేనేం చెయ్యలె. కూసున్న.

పక్క డబ్బాల ఏటూరునాగారమోళ్ల పిల్లగాడు ఉండె.
నిన్న ఉండె.
ఇయ్యాల డబ్బా కడిగి తుడిచిన్రు,
లోపట లైటు మట్టుకు వెలుగుతనే ఉన్నది.
వాళ్లదెందుకు పోయింది, మాదెందుకున్నది?
అడిగిన.
ఎస్తేరు సిస్టరు చేతులు కడుక్కుంటున్నది,
జెరసేపు ఎక్కువనే కడుక్కున్నది.

వచ్చే వారం కండ్లు చూస్తరట.
నరాలు తప్పుదారి వడ్తే లేజరు కొడ్తరట.
చెవులు సుత చూడాలెనట.
ఇప్పుడే ఏం చెప్పరట.

నడుమ ఏడువందల పదికి వడ్డది,
మల్ల లేసింది.
ఇయ్యాల పొద్దుగాల ఏడువందల తొంభై ఐదు.
అవ్వకు ఫోన్ చేసిన.
పుట్టిననాటికన్న పదిహేను గ్రాములు ఎక్కువ, అన్న.
గదెంతరా, అన్నది.
జేబుల చెయ్యి వెట్టి చూసుకున్న.
నాలుగు రూపాయి బిళ్లలంత, అవ్వా.

అటుదిక్కు కొద్దిసేపు మాటలేదు.
తరుగు తియ్యలేదు గద, అన్నది.